తిరుపతికి చిన్న జెట్లు వద్దని ఎందుకు అంటున్నాను

చవక ధరల విమాన సంస్థ తన బలగంలోకి వంద, నూట ముప్పై సీట్ల చిన్న జెట్లను కూడా చేర్చుకోవాలా వద్దా అన్న ప్రశ్న మన దేశంలో మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంది. పెద్ద నగరాల మధ్య ఇప్పటికే విమానాలు కిక్కిరిసి తిరుగుతున్నాయి. ఇక మిగిలినవి చిన్న నగరాలు. వాటికి 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320 ఎక్కువవుతుంది, ప్రొపెల్లర్లతో నడిచే 78 సీట్ల ఏటీఆర్ తక్కువవుతుంది లేదా నెమ్మదవుతుంది. కాబట్టి ఈ రెండింటి నడుమ సరిపోయే జెట్టు కావాలి అన్నది అనుకూలుర వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ చిన్న నగరాల జాబితా ఎవరు రాసినా అందులో తిరుపతి పేరు తప్పకుండా ఉంటుంది కాబట్టి, ఇక్కడ టిక్కెట్ల బుకింగు ఆఫీసు నడుపుకునే నాలాంటివాడు ఈ వాదనను నెత్తిన పెట్టుకోవాలని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. నేను మాత్రం వద్దనే అంటున్నాను. మా ఊరి జనాభాకు, మా ఊరి గిరాకీకి అచ్చంగా సరిపోయే విమానం కంటే, ఒకసారి వచ్చాక ఆగిపోకుండా ఏళ్ల తరబడి నడిచే విమానం మాకు అవసరమన్నది నా అభిప్రాయం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఈ చర్చ దారి తప్పుతోంది.

ముందుగా మా ప్రయాణికుడు ఎవరో చెప్పాలి. చిన్న జెట్టు వల్ల ఒక మార్గంలో వారం మొత్తానికి సీట్లేమీ పెద్దగా పెరగవు, సర్వీసులు పెరుగుతాయి. వారానికి నాలుగు రోజులు తిరిగే పెద్ద విమానానికి బదులు రోజూ తిరిగే చిన్న విమానం వస్తుంది, లేదా రోజుకు ఒకటి ఉన్నచోట పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తాయి. ఆ సౌకర్యం కోసం ఎక్కువ డబ్బు ఇచ్చేవాడు వ్యాపారం మీదో ఉద్యోగం మీదో తిరిగేవాడు. రేపు మీటింగు ఉందని ఇవాళ టిక్కెట్టు కొంటాడు, పని ముగిస్తే అదే సాయంత్రం వెనక్కి పోవాలంటాడు, కంపెనీ ఇచ్చే డబ్బు కాబట్టి ధర గురించి పట్టించుకోడు. చిన్న జెట్టు లాభం గడించేది ఇలాంటి ప్రయాణికుల మీదే.

మా రేణిగుంట విమానాశ్రయంలో దిగేవారిలో అత్యధికులు ఆ కోవకు చెందరు. వారు స్వామి దర్శనానికి వచ్చేవారు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లను తిరుమల తిరుపతి దేవస్థానం దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. వాటితో పాటు కొండ మీద గది కూడా దొరికాకే విమానం టిక్కెట్టు మాట వస్తుంది. మా ఆఫీసుకు వచ్చే ఒక మామూలు బుకింగు ఎలా ఉంటుందంటే, తాత, అవ్వ, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, చంకలో ఇంకా ఏడాది నిండని మనవడు. ఆ మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికే ఈ ప్రయాణమంతా. మొత్తం ఎనిమిది సీట్లు, ఒకే పీఎన్‌ఆర్. ఒక్కో టిక్కెట్టు మీద ఐదు వందలు పెరిగితే ఆ ఇంటికి ఒకవైపు ప్రయాణానికే నాలుగు వేలు పెరుగుతుంది. ఆ మాట చెప్పగానే ఇంటి పెద్ద వెనక్కి తిరిగి 'రైలుకు పోదామా?' అని అడుగుతాడు. హైదరాబాదు నుంచి వచ్చేవారికి 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదు వందే భారత్ కూడా ఉంది. సుమారు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. ఇలాంటి ప్రయాణికుడికి రోజుకు రెండు విమానాలున్నాయా, వారానికి నాలుగున్నాయా అన్నది రెండో సంగతి. తలకు ఎంత పడుతుందన్నదే మొదటి సంగతి.

ఒక ఊహాజనితమైన మార్గాన్ని తీసుకుని లెక్క వేద్దాం. తిరుపతికి ఫలానా నగరం నుంచి రోజుకు సగటున తొంభై మంది వస్తారనుకుందాం. రోజూ ఏ320 వేస్తే 186 సీట్లలో సగం కూడా నిండవు, సంస్థకు నష్టం తప్పదు. రోజూ 110 సీట్ల జెట్టు వేస్తే నూటికి ఎనభై రెండు వంతులు నిండుతుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. అయితే మూడో దారి కూడా ఉంది. అదే ఏ320ను వారానికి నాలుగు రోజులే నడిపి, వారం మొత్తంలో వచ్చే 630 మందిని ఆ నాలుగు విమానాల్లోకి సర్దితే ఒక్కోదానిలో 157 మంది కూర్చుంటారు. అది నూటికి ఎనభై నాలుగు వంతులు. సీట్లు నిండే తీరు రెండింటిలోనూ దాదాపు ఒకటే, సీటుకయ్యే ఖర్చు మాత్రం పెద్ద విమానంలో తక్కువ. వ్యాపారుల నగరంలో ఈ మూడో దారి పనికిరాదు, ఎందుకంటే మంగళవారం పని ఉన్నవాడు బుధవారం విమానం ఎక్కడు. తిరుపతిలో మాత్రం పనికివస్తుంది. మూడు నెలల ముందు దర్శనం తేదీ ఎంచుకునే కుటుంబం, విమానం ఏ రోజుల్లో ఉందో ముందే తెలిస్తే ఆ రోజులకు తగినట్టే దర్శనం తేదీని ఎంచుకుంటుంది. చిన్న జెట్టుకు ఉన్న ప్రధానమైన బలం మా ఊళ్లో అమ్ముడుపోని సరుకు అని నేను అనడానికి కారణం ఇదే. ఏర్పేడు దగ్గరి ఐఐటీకి, శ్రీసిటీ కర్మాగారాలకు వచ్చిపోయేవారు ఈ లెక్కలోకి రారన్నది నిజమే గానీ, ఒక కొత్త రకం విమానాన్ని మోయగలిగినంత సంఖ్య వారిది కాదు.

ఖర్చుల విషయానికి వద్దాం. విమానం చిన్నదైతే ఖర్చు తగ్గుతుందన్న మాటలో సగమే నిజం ఉంది. ఒక ట్రిప్పుకయ్యే మొత్తం ఖర్చు తగ్గుతుంది, ఒక్కో సీటుకు పడే ఖర్చు పెరుగుతుంది. ఏటీఆర్ అయినా, నూట పది సీట్ల ఎంబ్రేయర్ జెట్టు అయినా, ఏ320 కుటుంబంలోనే పెద్దదైన 232 సీట్ల ఏ321 అయినా ముందు కూర్చునే పైలట్లు ఇద్దరే. అంటే ఏ320లో ఒక్కో పైలట్ 93 మందిని మోస్తుంటే చిన్న జెట్టులో 55 మందిని మోస్తాడు. క్యాబిన్ సిబ్బంది యాభై సీట్లకొకరు చొప్పున ఉండాలి కాబట్టి 110 సీట్లకు ముగ్గురు కావాలి, 186 సీట్లకు నలుగురు చాలు. నేల మీద విమానాన్ని తోసే ట్రాక్టరు, మెట్లు, సామాను దించే మనుషులు, తనిఖీ చేసే ఇంజనీరు, వీటిలో ఏదీ సీట్ల నిష్పత్తిలో తగ్గదు. చవక ధరల సంస్థ బతుకంతా సీటు ఖర్చు మీదే ఆధారపడి ఉంటుంది, ప్రయాణికుడికి అది అమ్ముకునేది ఆ ఒక్కదాన్నే. దాన్ని పెంచే విమానాన్ని కొనడమంటే తన వ్యాపారానికి మూలమైన సూత్రాన్నే సడలించుకోవడం.

ఒకే రకం విమానం ఉండటంలోని సుఖం ఏమిటో బయటివారికి చెప్పడం కొంచెం కష్టం గానీ, తిరుపతివారికి సులువు. తిరుమల ఘాట్ రోడ్డు మీద నడిచే సప్తగిరి బస్సులను చూడండి. వాటికి డ్రైవర్లు వేరు, వారి శిక్షణ వేరు. మదనపల్లె రూటులో ఇరవయ్యేళ్ల అనుభవమున్న డ్రైవరునైనా ఆ శిక్షణ లేకుండా ఘాటు మీదికి పంపరు. రద్దీ రోజున ఘాట్ డ్రైవర్లు చాలకపోతే మైదానపు డ్రైవర్లు డిపోలో ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. విమానాల్లో ఈ గోడ ఇంకా ఎత్తైనది. ఏ320 నడిపే పైలట్‌కు అదే లైసెన్సు మీద ఏ319, ఏ321 నడిపే అర్హత ఉంటుంది, ఎంబ్రేయర్ గానీ, ఎయిర్‌బస్ వారి చిన్న జెట్టు ఏ220 గానీ నడపాలంటే వేరే టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి విడిగా ఇచ్చే అర్హత కావాలి. సిమ్యులేటర్లు వేరు, విడిభాగాల గోదాము వేరు, మెకానిక్కుల లైసెన్సులు వేరు, ఆపత్కాలానికి పక్కన పెట్టుకోవలసిన అదనపు విమానం కూడా వేరు. ఇప్పటికే ఏ320లూ ఏటీఆర్‌లూ నడిపే ఇండిగో వంటి సంస్థకు ఇది మూడో గోడ అవుతుంది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాక 2025 డిసెంబరు మొదటి వారంలో దేశంలో వేలాది విమానాలు రద్దయిన తీరు చూశాక, పైలట్లను మరిన్ని ముక్కలుగా విడగొట్టే ఏ నిర్ణయమైనా నాకు భయం కలిగిస్తుంది.

ఈ వాదనను కాగితం మీది లెక్కగా కొట్టిపారేయనక్కర లేదు, ఎందుకంటే దీన్ని అమెరికాలో నిజంగానే పరీక్షించి చూశారు. జెట్‌బ్లూ 2000 ఫిబ్రవరిలో ఒక్క ఏ320 రకంతోనే మొదలై, తక్కువ ధరకు మంచి సేవ ఇస్తుందన్న పేరు తెచ్చుకుంది. 2003లో నూరు ఎంబ్రేయర్ ఈ-190 విమానాలకు ఆర్డరిచ్చింది. ఏ320కి గిరాకీ చాలని మధ్యరకం నగరాలను నూరు సీట్ల జెట్టుతో పట్టుకోవచ్చన్నది దాని ఆలోచన. ఇవాళ మన దేశంలో వినిపిస్తున్న వాదనకు ఇది అచ్చు. 2005 చివరలో అవి ఎగరడం మొదలుపెట్టాయి. నిర్వహణ ఖర్చు అనుకున్నదానికంటే బరువైంది, సీటు ఖర్చు ఏ320తో పోలిస్తే ఎప్పుడూ ఎక్కువగానే ఉండిపోయింది, నూరు అనుకున్న విమానాలు అరవై దగ్గరే ఆగిపోయాయి. 2018లో ఆ సంస్థ వాటి స్థానంలో ఏ220-300లను ఎంచుకుంది. వాటిలో అది పెట్టుకున్నవి 140 సీట్లు. అంటే చిన్న జెట్టు నుంచి బయటపడడానికి అది పట్టుకున్న దారి కూడా పెద్ద జెట్టు వైపే పోయింది. 2025లో చివరి ఈ-190 కూడా సెలవు తీసుకుంది.

సౌత్‌వెస్ట్ అనుభవం ఇంకొక రకమైనది. 2011లో అది ఎయిర్‌ట్రాన్ అనే సంస్థను కొన్నప్పుడు 117 సీట్ల బోయింగ్ 717లు 88 దాని చేతికి వచ్చాయి. విమానాలు సిద్ధంగా ఉన్నాయి, వాటి పైలట్లు సిద్ధంగా ఉన్నారు, అవి తిరిగే ఊళ్లూ సిద్ధంగా ఉన్నాయి. అయినా సౌత్‌వెస్ట్ వాటిని ఉంచుకోకుండా అన్నింటినీ డెల్టా అనే మరో విమాన సంస్థకు లీజుకిచ్చి, తన 737లతోనే కొనసాగింది. కొత్తగా కొనే పనిలేకుండా చేతికొచ్చిన చిన్న జెట్లను కూడా, ప్రపంచంలోనే చవక ధరల ప్రయాణానికి బాట వేసిన సంస్థ వద్దనుకుందంటే దానికి బలమైన కారణమే ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణగా బ్రెజిల్‌లోని అజుల్‌ను చూపిస్తారు, చూపించాలి కూడా. జెట్‌బ్లూను స్థాపించి ఈ-190లను తెచ్చిన డేవిడ్ నీల్‌మనే 2008లో అజుల్‌నూ స్థాపించి, అవే ఎంబ్రేయర్లతో మొదలుపెట్టి, దాన్ని ఆ దేశపు పెద్ద సంస్థల్లో ఒకటిగా నిలబెట్టారు. మనిషి ఆయనే, విమానమూ అదే, ఫలితం వేరయింది. తేడా ఎక్కడుందని నేను చాలాకాలం ఆలోచించాను. అజుల్ తన నెట్‌వర్కు మొత్తాన్నీ ఆ విమానం చుట్టూ, వేరే సంస్థ విమానమే లేని ఊళ్ల చుట్టూ అల్లుకుంది. పోటీ లేనిచోట ధర తానే నిర్ణయించుకుంది. జెట్‌బ్లూ మాత్రం ఉన్న వ్యాపారానికి పక్కన ఒక అతుకు వేసింది. 2025 మే నెలలో అజుల్ కూడా అమెరికా దివాలా చట్టం కింద రక్షణ కోరింది గానీ, దాని పోటీ సంస్థలైన లాతామ్ 2020లోనూ గోల్ 2024లోనూ అదే దారి పట్టాయి కాబట్టి ఆ తప్పును ఎంబ్రేయర్ల మీద వేయడం న్యాయం కాదు. అయితే గిరాకీ పెరిగేకొద్దీ అజుల్ కూడా 2016 నుంచి ఏ320 నియోలను తెచ్చుకున్నదన్న సంగతి మరువకూడదు.

ఇక మన దగ్గరి అనుభవం. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా, 67 సీట్ల ఈ-170లతో, 112 సీట్ల ఈ-190లతో మా ఊరికీ వచ్చింది. అందులో మధ్య సీటు ఉండదు, వరుసకు అటు రెండు ఇటు రెండు. వయసు మళ్లిన దంపతులు ఆ సీట్లలో ఎంత నిమ్మళంగా కూర్చునేవారో చూసినవాడిని. 2014లో ఆ సంస్థ యాభై కొత్త ఎంబ్రేయర్లకు ఆర్డరిచ్చినప్పుడు తెలుగువాళ్లమంతా సంతోషించాం. 2017 ఫిబ్రవరి ఆఖరున అది ఆగిపోయింది. హైదరాబాదు కేంద్రంగా ట్రూజెట్ 2015 జులైలో తన మొదటి విమానాన్ని నడిపింది తిరుపతికే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. ట్రూజెట్‌వి ఏటీఆర్‌లు కాబట్టి, చిన్న సంస్థ మునిగిపోవడానికి జెట్లే కారణమని నేను అనడం లేదు. కొద్ది విమానాలే ఉన్న బలగంలో ఒకటి మరమ్మతుకు ఆగితే నెట్‌వర్కులో పెద్ద ముక్క ఆగిపోతుందని, లీజు ఇచ్చినవాడు ఒక నెల ఓపిక పట్టకపోతే సంస్థే ఆగిపోతుందని అంటున్నాను. పెద్ద సంస్థ పదో పదిహేనో చిన్న జెట్లు తెచ్చుకుంటే, ఆ సంస్థ లోపల ఇలాంటి చిన్న, బలహీనమైన సంస్థ ఒకటి పుడుతుంది. కష్టకాలం వచ్చినప్పుడు యాజమాన్యం మొదట కత్తిరించేది దాన్నే, దాంతో పాటు దాని ఊళ్లనే.

అలా కత్తిరించినప్పుడు ఏం జరుగుతుందో మా ఆఫీసులో చూశాను. ఒక సంస్థ, దాని పేరు ఇక్కడ అనవసరం, ఉన్నట్టుండి సర్వీసులు ఆపేసినప్పుడు మేము అమ్మిన టిక్కెట్ల డబ్బు నెలల తరబడి తిరిగి రాలేదు. పీలేరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వారం వారం బస్సెక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, 'ఏం నాయనా, ఏమన్నా తెలిసిందా?' అని అడిగి, లేదంటే ఒక్క మాటైనా అనకుండా లేచి వెళ్లిపోయేవాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. విమానం ఆగడమంటే ఒక మార్గం ఆగడం మాత్రమే కాదు, మొదటిసారి విమానం ఎక్కుదామనుకున్న మనిషికి ఆ ప్రయాణం మీదే నమ్మకం పోవడం. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే సంస్థలకు రాయితీ ఇచ్చేందుకు కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఉడాన్ పథకం గురించి కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి కథే చెబుతోంది: కేటాయించిన 774 మార్గాల్లో మొదలైనవి 371, మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసినవి 112, గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నిలిచి ఉన్నవి 54. ఆ మార్గాల మీద తిరిగినవి చాలా వరకు చిన్న విమానాలే. ఊరికి తగిన కొలత దొరికినంత మాత్రాన విమానం నిలవదని దీన్నిబట్టి తెలియడం లేదా?

చట్టాల్లోని రెండు అంకెలు కూడా ఈ మధ్యరకం జెట్టుకు అడ్డు నిలుస్తున్నాయి. ఎనభై కంటే తక్కువ సీట్లున్న దేశీయ విమానాలకు ల్యాండింగ్ రుసుము ఉండదు. గరిష్ఠ టేకాఫ్ బరువు 40,000 కిలోల లోపు ఉన్న విమానాలకు పోసే ఇంధనం మీద రాష్ట్రాలు వేయగల పన్నుకు కేంద్ర చట్టం పరిమితి పెట్టింది. ఆ బరువు దాటితే కొన్ని రాష్ట్రాల్లో వ్యాట్ ఇరవై శాతం పైమాటే. ఏటీఆర్ 72లోని 78 సీట్లు, ప్రాంతీయ సంస్థ స్టార్ ఎయిర్ వారి ఈ-175లోని 76 సీట్లు ఆ ఎనభై గీతకు లోపలే ఉంటాయి. ఏటీఆర్ 23 టన్నుల విమానం, ఆ పరిమితికి ఎంతో కింద ఉంటుంది. ఈ-190 కొత్త తరం దాదాపు 56 టన్నులు, ఏ220-300 సుమారు 70 టన్నులు తూగుతాయి. అంటే ఈ రెండు రాయితీల్లో ఏదీ వాటికి దక్కదు. 79 టన్నుల ఏ320 కట్టే రేటుకే అవీ పన్ను కట్టాలి, కట్టిన దాన్ని పంచుకోవడానికి మాత్రం సీట్లు తక్కువ. ప్రభుత్వం ఆ గీతలను జరిపితే నా లెక్క కొంత మారుతుంది, అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఇంజన్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్ ఇంజన్లలోని లోపాల వల్ల ఇండిగో విమానాలు పదుల సంఖ్యలో నేల మీద ఉండిపోయాయి, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోతూ ఆ ఇంజన్లనే కారణంగా చూపింది. కొత్త తరం ఎంబ్రేయర్లకూ, ఏ220లకూ ఉన్నది ఆ కుటుంబపు ఇంజన్లే, వేరేవి ఎంచుకునే వీలు లేదు. ఏ320కి మరో కంపెనీ ఇంజను దొరుకుతుంది.

ఇప్పుడు నా వాదనకు అన్నింటికంటే గట్టిగా అడ్డుపడే సంగతి చెప్పాలి. పుణెలో కూతురి దగ్గరికి వెళ్లాలని చిత్తూరు నుంచి ఒక దంపతులు వచ్చారు. హైదరాబాదులో దిగి మరో విమానం మారాలని చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. 'నేరుగా పొయ్యేది లేదా అబ్బా? ఆయమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆడ దిగి, మళ్లా ఇంకోటి ఎక్కాలంటే యాడ అయితాది?' అన్నాడు. ఆయన ప్రశ్నకు 'సీటు ఖర్చు' అనేది జవాబు కాదు. తిరుపతి నుంచి పుణె ఆకాశమార్గంలో సుమారు 800 కిలోమీటర్లు, నాగపూర్ కూడా ఇంచుమించు అంతే, భువనేశ్వర్ వెయ్యికి దగ్గర. గంటకు ఐదు వందల కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్‌లో అది రెండు గంటల పైన కూర్చోవలసిన ప్రయాణం. హైదరాబాదు లాంటి 420 కిలోమీటర్ల దూరానికి జెట్టు మిగిల్చేది పది పదిహేను నిమిషాలే, ఏటీఆర్ అక్కడ నిశ్చింతగా చాలు. దాని వెనక తలుపు దగ్గరి కొద్దిపాటి మెట్లు మోకాళ్ల నొప్పులవారికి ఏ320 నిచ్చెన కంటే ఎంతో నయం కూడా. అయితే ఏడు వందలు దాటి పన్నెండు వందల లోపు దూరాల్లో, రోజుకు యాభై అరవై మంది ఉండే మార్గాల్లో చిన్న జెట్టుకు నిజంగానే చోటుంది. దాన్ని కాదనడం నిజాయితీ కాదు.

ఆ చోటును చవక ధరల పెద్ద సంస్థే నింపాలని మాత్రం ఎందుకు అనుకోవాలి? బెళగావి, కలబురగి, కొల్హాపూర్ నుంచి స్టార్ ఎయిర్ తన చిన్న ఎంబ్రేయర్లను తిరుపతికి నడిపింది. 76 సీట్ల విమానాన్ని, రాయితీల గీతల లోపల, తనదైన ధరకు నడిపే ప్రాంతీయ సంస్థ చేయగల పని అది. పెద్ద సంస్థ చేయవలసింది, ఆ ప్రాంతీయ సంస్థతో ఒప్పందం చేసుకుని రెండు ప్రయాణాలనూ ఒకే టిక్కెట్టు మీద అమ్మడం, సామానును మధ్యలో ప్రయాణికుడి చేత మోయించకుండా చివరి ఊరికే పంపడం, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ బాధ్యత తానే తీసుకోవడం. చిత్తూరు దంపతులకు భయం వేసింది విమానం మారడం గురించి కాదు. మారేచోట తమను పట్టించుకునేవారు ఉండరేమోనని. చక్రాల కుర్చీ, ఒకే టిక్కెట్టు, తప్పిపోతే తరువాతి విమానంలో చోటు, ఈ మూడూ ఖాయమని చెప్పగలిగితే నేను ఆ దంపతులను హైదరాబాదు మీదుగా నమ్మకంగా పంపగలను.

ఎదిగే మార్గాల సంగతి కూడా ఉంది. ఇండిగో 2018 జనవరిలో మా ఊరికి వచ్చింది ఏటీఆర్‌లతోనే. ఇప్పుడు ఏ320లు కూడా దిగుతున్నాయి. రేణిగుంట రన్‌వే వాటికి సరిపోతుంది కాబట్టి, కడపలోలాగా చిన్న విమానమే గతి అన్న పరిస్థితి ఇక్కడ లేదు. బ్రహ్మోత్సవాలకూ, వైకుంఠ ఏకాదశికీ, వేసవి సెలవులకూ గిరాకీ ఒక్కసారిగా పొంగినప్పుడు ఏ320 నడిపే సంస్థ అవే పైలట్లతో ఏ321ను పంపి నలభైకి పైగా సీట్లు పెంచగలదు. నూట పది సీట్ల జెట్టుకు ఆ వెసులుబాటు ఉండదు. ఆ రోజుల్లో సీట్లు చాలక ధర ఆకాశానికి అంటుతుంది, ఎనిమిది మంది కుటుంబం మళ్లీ రైలు రిజర్వేషను క్యూలో నిలబడుతుంది.

కాబట్టి విమాన సంస్థలను మేము అడగవలసింది కొత్త రకం విమానాన్ని కాదు. విమానాల షెడ్యూళ్లు మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకసారి మారతాయి. దేవస్థానం టిక్కెట్లు మాత్రం నెలనెలా, మూడు నెలల ముందుకు విడుదలవుతాయి. జనవరి దర్శనానికి అక్టోబరులో టిక్కెట్టు తీసుకున్న కుటుంబానికి, జనవరిలో ఆ విమానం ఏ రోజుల్లో ఉంటుందో, అసలు ఉంటుందో లేదో ఆనాటికి గట్టిగా తెలియదు. శీతకాలపు షెడ్యూలులో తిరుపతికి ఏ వారాల్లో, ఏ రోజుల్లో, ఏ గంటకు విమానం నడుస్తుందో దేవస్థానం ఆ నెల టిక్కెట్లు వదలడానికి కనీసం వారం ముందు ప్రకటించి, ఒకసారి ప్రకటించాక మార్చకుండా ఉండమని ఆ సంస్థలను అడగాలి. వారానికి నాలుగు రోజులే అయినా ఫరవాలేదు. సోమ, బుధ, శుక్ర, ఆదివారాలని చెబితే, ఆ రోజులకు సరిపడా దర్శనం చూసుకుని, ఎనిమిది సీట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఆ రోజే తీసేసుకోమని మా ఆఫీసుకు వచ్చేవారికి చెప్పే పని నాది.